గవర్నరు గారి గోడు

మా రోజుల్లో అని నేను నోరు విప్పగానే మా ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి నడుస్తుంది. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్న ఆత్మరక్షణ అది. మీరు మాత్రం కూర్చోండి.

మొన్న నాకొక ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే కవరూ బిళ్ళా ఉన్నది కాదు, ఈమెయిలు. పాలనను మరింత పటిష్ఠం చేసే ఉద్దేశంతో మూడు బళ్ళ స్థానిక కమిటీలను కలిపి ఒక్కటి చేస్తున్నారట. ఇన్నేళ్ళ నా సేవలకు కృతజ్ఞతలట. పాలన పటిష్ఠం కావాలంటే నేను ఇంటికి పోవాలన్న సంగతి 77వ ఏట తెలిసింది నాకు. అది చదువుతుంటే పక్కన రేడియోలో ఒక పెద్దమనిషి ఎక్కడో ఆఫ్రికా పల్లెల్లో ఆడపిల్లల చదువు గురించి చెబుతున్నాడు. అక్కడి తల్లులకు బడి వ్యవహారాల్లో మాట చెల్లాలట. రేడియో కట్టేశాను. కాఫీ చల్లారిపోయింది.

నేను గుంటూరులో డాక్టరీ చదివి 1974లో ఇంగ్లండు వచ్చాను. వాయవ్యాన, నూలు మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడుతున్న ఊళ్ళో, ఇక్కడి డాక్టర్లు ఎవరూ రానన్నచోట నాకు పని దొరికింది. అక్కడే ముప్ఫై ఏళ్ళు దగ్గులూ జ్వరాలూ చూశాను. పిల్లలిద్దరూ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న కౌన్సిలు బళ్ళో చదివారు.

ఇక్కడ ప్రతి బడికీ ఒక పాలకవర్గం ఉండేది. దాని సభ్యుణ్ణి గవర్నరు అంటారు. జీతం లేదు, భత్యం లేదు. దేశంలో ఇలాంటివాళ్ళు రెండు లక్షల పైచిలుకు. వెనకటికి అందులో కౌన్సిలు మనుషులే నిండి ఉండేవారు. ఇద్దరు తల్లిదండ్రులైనా ఉండి తీరాలని 1980లో చట్టం వచ్చింది, 1986లో ఇంకో చట్టం ఆ సంఖ్యను పెంచింది. దాని ప్రకారం 1988లో ఎన్నికలు పెట్టారు. బ్యాలెట్ కాగితాలు పిల్లల పుస్తకాల సంచుల్లో పెట్టి ఇళ్ళకు పంపించారు. నేను నిలబడ్డాను, గెలిచాను. మా వీధిలో నన్ను చూసినవాళ్ళంతా ఏదో ఒక రోగంతో చూసినవాళ్ళే కాబట్టి మొహమాటానికి వేసి ఉంటారు.

సంతోషం పట్టలేక ఇంటికి రాశాను, స్కూల్ గవర్నరు అయ్యానని. మా నాన్నకు 'స్కూల్' అన్న మాట ఆనలేదో, పోస్టుమాస్టరు చదివి వినిపించేటప్పుడు మింగేశాడో గానీ, తెనాలి దగ్గర మా ఊరంతా డాక్టరబ్బాయి ఇంగ్లండు గవర్నరయ్యాడని పాకిపోయింది. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో గవర్నరు కుముద్ బెన్ జోషి గారికీ ముఖ్యమంత్రి రామారావు గారికీ చుక్కెదురు, పేపరు తెరిస్తే అదే గొడవ. మా నాన్న తిరుగు టపాలో రాశాడు: "నువ్వు మాత్రం అక్కడి ముఖ్యమంత్రితో తగాదా పెట్టుకోకు." అక్కడి ముఖ్యమంత్రి థాచరమ్మ. నేను పెట్టుకోలేదు. మా అక్క ఒక్కతే సూటిగా అడిగింది, "జీతమెంతరా?" అని. "టీ, బిస్కట్లు" అని రాశాను. "చక్కెర ఒంటికి మంచిది కాదు, జాగ్రత్త" అని రాసింది.

అక్క సంగతి కాస్త చెప్పాలి. నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఐదో తరగతి అయిపోయాక బడి మానిపించారు. హైస్కూలు నాలుగు మైళ్ళు, మధ్యలో కాలవ, దాని మీద తాడిమొద్దు వంతెన. "ఉత్తరం రాయడం వచ్చింది కదా, చాల్లే" అన్నాడు మా నాన్న. ఐదేళ్ళ తరవాత అదే తాడిమొద్దు మీద నన్ను నడిపించాడు. నాకేమీ కాలేదు. ఆ వచ్చిన ఉత్తరాల చదువుతోనే అక్క నాకు ముప్ఫై ఏళ్ళు ఎయిరోగ్రాములు రాసింది. మూడు మడతల నీలి కాగితంలో ఊరంతా పట్టించేది, చివరికి అంచుల్లో కూడా రాసేది. నేను డాక్టరునైనా అలా ఒక్క ఉత్తరం రాయలేకపోయాను.

సరే, పాలకవర్గం. సాయంత్రం ఏడింటికి లైబ్రరీలో సమావేశం. ఐదేళ్ళ పిల్లల కుర్చీలు, మోకాళ్ళు చెవులకు తగిలేవి. అధ్యక్షుడు కౌన్సిలరు, రిటైరైన మిల్లు ఫోర్‌మన్ ఒకాయన, ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, మిగతా తల్లిదండ్రులం. మా అందరిలోకీ తెలివైన మనిషి రాత్రిళ్ళు ఆఫీసులు తుడిచే ఒకావిడ. సమావేశం అయ్యాక నేరుగా డ్యూటీకి పోయేది కాబట్టి నీలం అంగీ వేసుకునే వచ్చేది.

ఒకరోజు ఎజెండాలో లేని మాట ఎత్తింది. ఆడపిల్లల మరుగుదొడ్ల తలుపులకు గడియలు లేవు. మగపిల్లలు తోసుకొస్తారని పిల్లలు పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా, బిగపట్టుకుని ఇంటికి వస్తున్నారు. "మీకెవరికీ కూతుళ్ళు లేరా?" అంది. గదిలో చప్పుడు లేదు. నాకు మొహం చెల్లలేదు. ఆ బడి ఆడపిల్లలకు మూత్రంలో మంటకని నేనే నెలకు ఎన్ని చీటీలు రాశానో! ప్రతి తల్లికీ "నీళ్ళు బాగా తాగించండి" అని సలహా చెప్పి పంపాను. ఎందుకు తాగట్లేదని ఒక్కనాడూ అడగలేదు. మందు నా దగ్గర ఉంది, జబ్బు ఎక్కడుందో ఆవిడకు తెలుసు. మర్నాడు మిల్లు ఫోర్‌మనే స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి ఎనిమిది గడియలు బిగించాడు. మినిట్స్ పుస్తకంలోకి తీర్మానం ఎక్కేలోపు పనైపోయింది.

మా రోజులంటే ఇవీ. అన్ని రోజులూ ఇలాగే ఉండేవని నేను చెబితే నా కూతురు ఊరుకోదు. తను ఇప్పుడొక బళ్ళో డిప్యూటీ హెడ్డు. "నాన్నా, హాల్లో కార్పెట్టు రంగు మీద గంటన్నర మాట్లాడుకున్నాం అని చెప్పింది నువ్వే కదా?" అంటుంది. నిజమే, గంటన్నర. పైగా ఆ 1986 చట్టం ప్రకారం ఏటా తల్లిదండ్రుల సభ పెట్టి లెక్కలు చెప్పాలి. కుర్చీలు వంద వేసేవాళ్ళం. వచ్చేది ముగ్గురు, నాలుగోవాడు తలుపు మూసుకోవడానికి నిలబడ్డ కేర్‌టేకరు. 2005లో ఆ సభ తీసేస్తే ఎవరూ ఏడవలేదు. నేను కూడా ఏడవలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఖాళీ కుర్చీలైనా అవి వాళ్ళ కోసం వేసినవే కదా అని.

1988 చట్టంతో బడి డబ్బు మా చేతికే వచ్చింది. అప్పటిదాకా కిటికీ అద్దం పగిలితే కౌన్సిలుకు అర్జీ పెట్టుకోవాలి. ఆ తరవాత ఏ టీచరును తీసుకోవాలి, పైకప్పు ఈ ఏడు బాగుచేయాలా వచ్చే ఏడా, అంతా మేమే. నిద్ర పట్టేది కాదు. మూడుసార్లు హెడ్మిస్ట్రెస్‌ను ఎంపిక చేసిన కమిటీలో కూర్చున్నాను. రెండుసార్లు సరిగ్గా ఎంచాం. మూడోసారి సంగతి వద్దులెండి.

నడుమ ఇండియా వెళ్ళాను, 2000 ప్రాంతంలో. అక్కను ఇచ్చింది నెల్లూరు జిల్లాలో. వాళ్ళ ఊరి బళ్ళో రెండు కొత్త గదులు, గోడల మీద లెక్కల బొమ్మలు. ఎవరి డబ్బు అని అడిగితే డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అన్నారు. మీలో ఆ కాలపు పంతుళ్ళెవరైనా ఉంటే ఆ నాలుగక్షరాలు మరిచిపోరు. 1996లో విజయనగరం, నెల్లూరు, కర్నూలు, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మొదలైంది. మన రాష్ట్రంలో దానికి సాయం చేసింది బ్రిటిషు ప్రభుత్వం. అంతకు ముందు 80ల నుంచే మన ప్రాథమిక బళ్ళకు వాళ్ళ సాయంతో ఒక పథకం నడిచింది, గదులు కట్టారు, పంతుళ్ళకు శిక్షణలిచ్చారు. అంటే నా జీతంలో కోసిన పన్నులో ఏ పైసానో అక్క ఊరి బడి గోడలో ఇటుకై కూర్చుంది. ఆ గోడను చేత్తో తడిమి చూశాను. సున్నం అంటింది.

డబ్బు ఒక్కటే కాదు, దాని వెంట ఒక మాట కూడా వచ్చింది: బడి ఊరిది, తల్లిదండ్రులు కమిటీలో కూర్చోవాలి, ఆడపిల్లలు బడికి రావడం వాళ్ళు చూడాలి. మన ప్రభుత్వం కూడా 1998లో చట్టం చేసి విద్యా కమిటీలకు ఎన్నికలు పెట్టింది. అక్క కోడలు అందులో గెలిచింది! ఆమె మొదట పట్టుకున్న సంగతేమిటో చెప్పమంటారా? బళ్ళో మరుగుదొడ్డి ఉంది, కానీ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. ఎందుకయ్యా అంటే, ఆఫీసర్లు తనిఖీకి వచ్చినప్పుడు శుభ్రంగా ఉండాలి కదా అన్నాడు. ఆ పిల్ల నోరు పెద్దది. వారంలో తాళం పోయింది.

"మీ ఇంగ్లండులో కూడా ఇంతేనా?" అని అడిగింది అక్క. ఇంతకంటే ఎక్కువే అన్నాను గర్వంగా. నేనక్కడ గవర్నర్ని కాబట్టి ఆ పద్ధతంతా నేనే కనిపెట్టినట్టు రెండు రోజులు ఊళ్ళో తిరిగాను.

ఇప్పుడు ఇంటి సంగతి వినండి.

2002లో ఇక్కడ అకాడమీలని కొత్తరకం బళ్ళు మొదలయ్యాయి. కౌన్సిలు అజమాయిషీ ఉండదు, నేరుగా లండన్ నుంచే డబ్బు. కునారిల్లిన బళ్ళను నిలబెట్టడానికన్నారు, బాగానే ఉంది. 2010లో ఇంకో చట్టం తెచ్చి బాగా నడుస్తున్న బళ్ళకు కూడా తలుపు తీశారు. ఇప్పుడు ఇంగ్లండులో సెకండరీ బళ్ళు నూటికి 80కి పైగా అవే. స్కాట్లండు, వేల్స్ వాళ్ళు ఈ జోలికే పోలేదు, అక్కడివాళ్ళు చదువుకోవడం లేదా? 2016 మార్చిలో నిక్కీ మోర్గన్ అనే మంత్రి ఒక శ్వేతపత్రం తెచ్చింది. అన్ని బళ్ళూ అకాడమీలైపోవాలి, పాలకవర్గంలో తల్లిదండ్రులకు కేటాయించిన స్థానాలు ఇక ఉండనక్కర్లేదు, కావలసింది నైపుణ్యం అని. దేశమంతా గోలపెడితే మే నెలకల్లా బలవంతం చేయబోమని వెనక్కి తగ్గారు. తల్లిదండ్రుల స్థానాలు కూడా ఆ తరవాత చావు తప్పి బతికాయి.

నైపుణ్యం! అంతకు ముందే మాకొక పట్టిక ఇచ్చారు నింపమని. ఆర్థికం, న్యాయం, మానవ వనరులు, ఆస్తుల నిర్వహణ, వీటిలో మీకు ఎంత ప్రవేశం, ఒకటి నుంచి ఐదు దాకా. ఆ నీలం అంగీ ఆవిడ నింపి ఉంటే అన్నిట్లో ఒకటే. మరుగుదొడ్డి గడియ గురించి తెలుసా అన్న గడి అందులో లేదు.

మా బడి కూడా 2017లో అకాడమీ అయ్యి, అలాంటి బళ్ళను కలిపి నడిపే ఒక ట్రస్టులో చేరింది. చేరకపోతే బతకలేమన్నారు, లెక్కలు చూస్తే నాకూ అలాగే అనిపించి చెయ్యెత్తాను. ఎవరినీ తప్పుపట్టను, నా చెయ్యి కూడా ఉంది అందులో. ట్రస్టు కార్యాలయం నలభై మైళ్ళ దూరం, మోటారువే పక్కన గోదాముల మధ్య. దానికొక సీఈఓ. ఈ దేశంలో ప్రధానమంత్రి కంటే ఎక్కువ జీతం తీసుకునే ట్రస్టు సీఈఓలున్నారు, మా వాడు ఆ వరసలో ఉన్నాడో లేడో నేను అడగలేదు. మాకొక చాంతాడంత పట్టిక ఇచ్చారు, ఏ అధికారం ఎవరిదో. బడ్జెట్టు: ట్రస్టు. హెడ్డు నియామకం: ట్రస్టు. భవనాలు: ట్రస్టు. కింద మా వరసలో రాసి ఉంది: "సమాచారం అందుకొనుట". నిబంధనల ప్రకారం ఇద్దరు తల్లిదండ్రులు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఉన్నారు. పాపం చక్కగా వస్తారు, సమాచారం అందుకుని వెళతారు.

రెండేళ్ళ క్రితం ఒక తల్లి మళ్ళీ అదే మాట తెచ్చింది, గడియ విరిగిందని. అవే తలుపులు, ఫోర్‌మన్ గడియలు ముప్ఫై ఏళ్ళు ఆగాయి మరి. హెడ్డు కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేసింది. నంబరు వచ్చింది. ఏడు వారాలకు ఒక అబ్బాయి వ్యాను వేసుకొచ్చి ఫోటో తీసుకుని వెళ్ళాడు.

దీనికి నా కూతురు దగ్గర జవాబుంది. ట్రస్టులో ఉంటే జీతాల లెక్కలూ కోర్టు గొడవలూ వాళ్ళే చూసుకుంటారు, తను పిల్లల సంగతి చూసుకోవచ్చు. అడుగంటిన బళ్ళను నిలబెట్టిన ట్రస్టులున్నాయి, తన కళ్ళారా చూసింది. "మీ పాలకవర్గం ఆ మూడో హెడ్డును ఎంచింది కదా, గుర్తుందా?" అంటుంది. దాని దగ్గర ఎప్పుడూ చివరి తురుపు ఇదే. నేను మాట మార్చేస్తాను.

మాట మార్చి ఎక్కడికి పోతానంటే, విదేశీ సాయం మీదకి. అక్కడ నా కూతురు కూడా నా వైపే.

జాతీయాదాయంలో 0.7 శాతం బీద దేశాలకు ఇస్తామని ఈ దేశం 2015లో చట్టమే చేసుకుంది. ఆడపిల్లల చదువుకు 2012లోనే ఒక పెద్ద పథకం పెట్టారు, మొదటి విడత 35.5 కోట్ల పౌండ్లు. మెచ్చుకున్నాను. తరవాత బోరిస్ జాన్సన్ వచ్చాడు. ప్రతి ఆడపిల్లకూ పన్నెండేళ్ళ చదువు అన్నది ఆయన నోట్లో మంత్రమైపోయింది. ఆడపిల్ల చదువు అన్ని పనిముట్లూ మడిచిపెట్టిన జేబుకత్తి లాంటిదట, లోకంలో ఏ చిక్కునైనా విప్పుతుందట. 2021 జూన్‌లో కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డున ఏడు ధనిక దేశాల వాళ్ళను కూర్చోబెట్టి, ఐదేళ్ళలో ఇంకో 4 కోట్లమంది ఆడపిల్లలను బడిలో వేస్తామనిపించాడు. తన వంతు 43 కోట్ల పౌండ్లన్నాడు. జూలై 13న పార్లమెంటులో ఓటు పెట్టి 0.7 ను 0.5 కు కోసిన కోత అలాగే ఉంచాడు, 333 మంది అటు, 298 మంది ఇటు. ఆయన పార్టీ మాజీ ప్రధాని థెరిసా మే కూడా కాదని ఓటేసింది. ఆ నెలాఖరున లండన్లో కెన్యా అధ్యక్షుణ్ణి పక్కన పెట్టుకుని పిల్లల చదువుకు చందాల మహాసభ! పెళ్ళికి పిలిచి విస్తళ్ళు కుదించడమంటే ఇదే. ఇచ్చిన మట్టుకైనా బయటికి పోతుందా అంటే, 2023లో ఆ సాయం పద్దులో నాలుగోవంతు కంటే ఎక్కువ ఈ దేశంలోనే ఖర్చయింది, శరణార్థులకు వసతి కింద. పార్టీ మారింది కదా, నయమవుతుందేమో అనుకుంటే 2025 ఫిబ్రవరిలో స్టార్మరు 2027 నాటికి 0.3 చేస్తామన్నాడు, మిగిలింది తుపాకులకు. విదేశీ సాయం చూసే మంత్రి రాజీనామా చేసింది. ఆవిడకు దండం పెట్టాలి.

ఇంతకీ ఈ పన్నెండేళ్ళ బోధకులు తమ ఆడపిల్లల విషయంలో ఎప్పుడు మేలుకున్నారనుకున్నారు? నేను వచ్చేటప్పటికి పదహారేళ్ళ దాకా చదవాలన్న నిబంధన పెట్టి రెండేళ్ళు కూడా కాలేదు. పద్దెనిమిది దాకా ఏదో ఒక చదువో శిక్షణో ఉండాలన్నది ఇంగ్లండులో 2015 నాటి మాట. గ్రామర్ స్కూళ్ళలో మగపిల్లలకు ఎక్కువ సీట్లు, ఆడపిల్లలకు తక్కువ పెట్టి బర్మింగ్‌హామ్ కౌన్సిలు 1989లో ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయింది. మా నాన్న తాడిమొద్దు వంతెన ఇక్కడ కూడా ఉండేది, కాకపోతే సిమెంటుతో కట్టారు.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు లెండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం కమిటీలో సగం ఆడవాళ్ళు. కాగితం మీద మా ట్రస్టు కంటే ఎంతో మెరుగు. ఆచరణలో ఎన్నో చోట్ల రిజిస్టరు ఇంటికే పోతుంది, వేలిముద్ర వేయించుకుని తిరిగొస్తుంది. అక్క కోడలు నోరు మూతపడ్డాక ఆ ఊళ్ళో కూడా అంతే అయింది.

ఆ కోడలి కూతురు, ఆ రెండు గదుల బళ్ళోనే ఓనమాలు దిద్దిన పిల్ల, మొన్నటేడు మాస్టర్సుకని ఇక్కడికే వచ్చింది. పద్దెనిమిది వేల పౌండ్ల ఫీజు, వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు ప్రభుత్వ వైద్యసేవ సుంకం. ఆ వైద్యసేవలోనే నేను జీవితమంతా పని చేశాను. చదువయ్యాక రెండేళ్ళు పని చూసుకోవచ్చన్నది కూడా 2027 నుంచి ఏడాదిన్నరకు తగ్గిస్తారట. విదేశాల్లో ఆడపిల్ల చదువుకోవాలంటే వీళ్ళకు మహా ఇష్టం తాతయ్యా, అక్కడే ఉండి చదువుకుంటే, అంది ఆ పిల్ల నవ్వుతూ. తల్లి నోరే వచ్చింది.

ఆదివారం అక్క ఫోన్ చేసింది. మనవరాలు నా సంగతి చెప్పేసినట్టుంది.

"ఏమిరా, గవర్నరు ఉద్యోగం పోయిందంటనే?"

"పోయిందక్కా."

"అన్నేళ్ళు చేశావు, పింఛను ఏమన్నా ఇస్తారా?"

"బిస్కట్లు కూడా మానేసి చాలా రోజులైందక్కా. ఇప్పుడు సమావేశాలన్నీ కంప్యూటర్లోనే."

కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది, "మరి ఆ తలుపు గడియ వేశారా?"